ఆకాశమొక్కటే: బూస్టరు విషయమున నొక ధర్మవిచారము

ఆటవిమానములను రేడియోచే నడుపు వేడుక గలవారి చేతిలోని ట్రాన్స్‌మిటరు సామాన్యముగా ఒక వాటులో పదియవవంతు శక్తితో, అనగా 100 మిల్లీవాట్లతో, పనిచేయును. ఆ పెట్టెమీది కడ్డీలను బొటనవ్రేలితో నించుక కదిపినంతనే, కంటికానునంత దూరమున మింట తిరుగుచున్న విమానము రెక్క వాల్చును, తల యెత్తును, వేగము తగ్గించుకొనును. ఈ వేడుక కొంతకాలము సాగిన పిమ్మట చాలమందికి ఒక కోరిక పుట్టును: ఇది ఇంకను దూరము పోవలెను. ఆ కోరిక తీర్చుటకు అంగడిలో నొక చిన్న లోహపుపెట్టె దొరకును. దానికి బూస్టరని పేరు. ట్రాన్స్‌మిటరునకును దాని యాంటెన్నాకును నడుమ దానిని తగిలించి, వేఱుగా నొక బ్యాటరీని కూర్చినచో, లోనికి వచ్చిన పదియవవంతు వాటు రెండు వాట్లై, ఒక్కొక్కప్పుడు అయిదు వాట్లై వెలికి పోవును. తీగల కొనలను త్రిప్పి బిగించుట తప్ప ఇందు చేయవలసిన పని యేదియు లేదు. ఇంత సులభముగా జరుగు పని గనుకనే దీనిని గుఱించి ఒకమాఱు నిలిచి యోచింపవలసి యున్నది. నా సంకల్పమును నేనెంత దూరము పంపవచ్చును? పంపినంత దూరమున జరుగుదానికి నేను కర్తనగుదునా? నాకును ఆ విమానమునకును నడుమ నున్న ఆకాశము ఎవ్వరిది? ఆటవస్తువు విషయమున పుట్టినంతమాత్రమున ఇవి చిన్న ప్రశ్నలు కావు.

1898లో న్యూయార్కు నగరమున, మాడిసన్ స్క్వేర్ గార్డెను ప్రదర్శనశాలలో, నికోలా టెస్లా యొక నీటితొట్టిలో చిన్న పడవను విడిచి, దానిని ముట్టక, దానికి తీగ తగిలింపక, దూరమున నిలిచి నడిపి చూపెను. చూచినవారిలో కొందరది మాయ యనిరనియు, కొందరు మనోబలమనిరనియు చెప్పుదురు. ఆ యాశ్చర్యము అజ్ఞానమాత్రము కాదు. ఒక మానవుని సంకల్పము అతని దేహమును వీడి, నడుమ నేమియు కానరాకుండగనే, వేఱొక వస్తువునందు చలనమై తేలుట వారికంతకుముందు ఎన్నడును ఎదురుపడని సంగతి. మన నైయాయికులు క్రియ పుట్టు క్రమమును నిరూపించుచు, జ్ఞానమువలన ఇచ్ఛయు, ఇచ్ఛవలన కృతి యనబడు ప్రయత్నమును, ప్రయత్నమువలన శరీరచేష్టయు కలుగునని నిర్ణయించిరి. ఆ క్రమమున మొదటిది జ్ఞానమనుట గమనింపదగినది: తెలియనిదానిని కోరుట లేదు, కోరనిదానికై యత్నించుట లేదు. విలుకాడు విడిచిన బాణము విడిచిన పిదప వాని వశమున లేదు. రేడియోవిమానమన్ననో, అది యెంత దూరమున నున్నను, ప్రతిక్షణమును నడుపువాని యిచ్ఛను అనుసరించియే మెలగుచుండును. కావున బాణము విషయమున కర్తృత్వమును గుఱించి ఏదేని సందేహమున్న నుండవచ్చునుగాని, విమానము విషయమున అట్టి సందేహమునకు తావులేదు. సంకల్పమెంత మేర సాగునో కర్తృత్వమును అంతమేర సాగును.

ఇక ఆకాశము మాట. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున, ఆకాశమునకు శబ్దము గుణమనియు, అది యొక్కటియే యనియు, విభువనియు, నిత్యమనియు చెప్పెను. భూమికిని జలమునకును పరమాణువులు కలవు. వానిని పంచుకొనవచ్చును, గట్టు వేసి ఇది నాది అది నీది యనవచ్చును. ఆకాశమునకు పరమాణువులు లేవు, అవయవములు లేవు, విభాగము లేదు. శబ్దమెట్లు వ్యాపించునను విచారమున తార్కికులు రెండు న్యాయములను చెప్పిరి. అల యొకదానివెంట నొకటి పుట్టుచు పోవునట్లు శబ్దము సాగునని వీచీతరంగన్యాయము. కదంబముకుళము ఒక్కమాఱుగా అన్ని దిక్కులకును కేసరములను విప్పునట్లు శబ్దము సర్వదిశలకును విచ్చుకొనునని కదంబముకుళన్యాయము. వారు తలచినది శబ్దమునే గాని రేడియోతరంగమును గాదు. శబ్దమునకు గాలివంటి యొక ద్రవ్యము కావలెను, రేడియోతరంగమునకు ఏ ద్రవ్యమును అక్కఱలేదు. ప్రాచీనులకు రేడియో తెలియునని చెప్పు సాహసము నాకు లేదు, అట్లు చెప్పువారియందు నాకు గౌరవమును లేదు. ఐనను, అవిభక్తమైన యొకే ఆశ్రయమున ఒకని పలుకు తాను కోరిన దిక్కునకే గాక కోరని దిక్కులకన్నిటికిని పోవునను తత్త్వమును వారెంత సూక్ష్మముగా గ్రహించిరో, బూస్టరు తగిలించినవాడును అంత సూక్ష్మముగా గ్రహింపవలసి యున్నది.

ఏలయన, లెక్క యిట్లున్నది. తరంగబలము దూరముయొక్క వర్గమును బట్టి తగ్గును. కావున దూరము రెట్టింపు కావలెనన్న శక్తిని నాలుగురెట్లు చేయవలెను. 100 మిల్లీవాట్లను రెండున్నర వాట్లుగా పెంచినవాడు శక్తిని ఇరువదియైదు రెట్లు చేసినవాడు. వానికి దక్కు దూరము, అడ్డములేని చోట, అయిదురెట్లు మాత్రమే. నేలనొఱసికొని పోవునపుడును, చెట్లనడుమ నుండి పోవునపుడును అదియు దక్కదు. ఆ కొత్త దూరమును వ్యాసార్ధముగా గొని నేలమీద నొక వృత్తమును గీచినచో, దాని వైశాల్యము పూర్వముకంటె ఇరువదియైదు రెట్లుండును. అనగా వానికి కలిగిన లాభము శక్తికి వర్గమూలమును బట్టి పెరిగినది. వాని పలుకు చొరబడి కలత పెట్టగల ప్రదేశము శక్తి పెరిగినంతయు పెరిగినది. ఆ ప్రదేశమున ఎవరెవరున్నారో వానికి తెలియదు. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో వానివంటి ఆటగాండ్రే కాక, ఇండ్లలోని వై-ఫై పెట్టెలును, చెవులకు తగిలించుకొను బ్లూటూత్ సాధనములును, మఱియు ననేకములును కాపురమున్నవి. విమానము ఒక్క దిక్కున నున్నది. పలుకు అన్ని దిక్కులకు పోయినది. కదంబము విచ్చుకొనుటయన్న నిదియే.

ఈ పట్టీలో అనుజ్ఞాపత్రము లేకుండ ప్రసారము చేయుటకు మన ప్రభుత్వము 2005లో అనుమతించుచు, ట్రాన్స్‌మిటరు నుండి వెలువడు శక్తి ఒక వాటును, యాంటెన్నా బలముతో కూడిన శక్తి నాలుగు వాట్లను మించరాదని హద్దు పెట్టినది. ఐరోపాలో ఆ హద్దు 100 మిల్లీవాట్లే. అమెరికాలో, ఒక ట్రాన్స్‌మిటరుతో కలిపి పరీక్షింపబడని బూస్టరును విడిగా అమ్ముటయే కూడదు. దేశదేశమునకును అంకె వేఱైనను హద్దు లేని దేశము లేదు. శాసనమున్నది గనుక మీఱరాదనుట ఒక తీరు. శాసనమేల పుట్టినదో తెలిసికొని మీఱకుండుట వేఱొక తీరు. ఈ రెండవదానిని గుఱించియే నా చింత.

ఇప్పటివారికి తెలియని యొక ఆచారము ముప్పదినలువదియేండ్లకు పూర్వము ఈ వేడుకలో నుండెడిది. అమెరికాలో ఆటవిమానములకు 72 మెగాహెర్ట్జుల పట్టీలో 11 మొదలు 60 వఱకు ఏబది చానళ్లుండెడివి. ఏ ట్రాన్స్‌మిటరునకు ఏ చానలో దానిలోని స్ఫటికము నిర్ణయించును. ఒకే చానలుపై ఇద్దఱొక్కమాఱు ప్రసారము చేసిరా, అప్పటికి మింట నున్న విమానము నేలగూలుట నిశ్చయము. కూల్చినవానికి ద్వేషము లేదు, తాను కూల్చితినను ఎఱుకయు నుండకపోవచ్చును. మీట నొక్కుట ఒక్కటే వాడు చేసినది. అందువలన ప్రతి క్లబ్బు మైదానమునందును ఒక బల్ల నిలిపి, దానిపై చానలునకొక చీల వంతున తగిలించి యుంచెడివారు. తన చానలు చీలను చేత బట్టినవాడే ట్రాన్స్‌మిటరును వెలిగింపవలెను. ఎగురవేయుట ముగిసినంతనే చీలను మరల బల్లకు తగిలింపవలెను. చీల లేనివాడు ఎంత పెద్దవాడైనను, ఎంత వెలగల విమానము గలవాడైనను, ఊరకుండవలెను. ఈ చిన్న కొయ్యచీల నాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచును. మన యోగశాస్త్రము చెప్పిన అపరిగ్రహమునకు ఇంతకంటె స్పష్టమైన లౌకికరూపము నేను చూచి యెఱుగను. అవిభక్తమైనదానిని అనుభవింపగోరువాడు వంతు కొఱకు వేచియుండుటయు, వంతు తీఱినంతనే విడుచుటయు, తాను మాటాడునపుడు ఇతరులు మౌనము వహించిరను కృతజ్ఞత గలిగియుండుటయు – ఈ మూడును ఆ చీలయందు ఇమిడి యున్నవి. ఆ మైదానమున ఎవడేని తన శక్తిని పదిరెట్లు చేసికొని వచ్చినచో, వాడు చీల పట్టినను పట్టకున్నను ఒకటే; ప్రక్క చానళ్లవారికి వాడు అనావృష్టివలెనో అతివృష్టివలెనో అనుభవమునకు వచ్చును.

నేడు చీలల బల్లలు పోయినవి. ఇప్పటి ట్రాన్స్‌మిటరులు ఒక చానలుపై నిలువక, క్షణములో అనేకమాఱులు చానలు మాఱుచు, ఇతరులతో ఢీకొనినచోటును విడిచి వేఱొకచోటికి పోవుచు మాటాడును. ఈ తెఱగు భావమును 1942లో నటీమణి హెడీ లమారును, సంగీతకర్త జార్జి యాంథీలును కలిసి పేటెంటు చేసిరి. అదియు రేడియోచే నడుపు వస్తువు కొఱకే: శత్రువులు నీటిలోని టార్పీడోను దారి తప్పింపకుండుటకై, పియానో వాద్యమునకు స్వయముగా పాడు కాగితపుచుట్ట యున్నట్లు, ఎనుబదియెనిమిది పౌనఃపున్యములమీద గెంతుచు పోవు సంకేతమును వారు కల్పించిరి. యుద్ధమునకై పుట్టిన యుపాయము శాంతికాలమున సహవాసమునకు పనికివచ్చినది. కొయ్యచీల చేసిన పనిని నేడు యంత్రము తనంతట తాను చేయుచున్నది. ఒక్కొక్కడు ఇంచుక తావు మాత్రమే తీసికొని వెంటనే విడుచుచున్నాడు. బూస్టరు ఈ సహవాసమున గెంతుటను మాన్పదు గాని, గెంతిన ప్రతిచోటను అవతలివాడు నిలువలేనంతగా మోగును.

ఇంతవఱకు ఇతరుల మాట. నడుపువాని మాట దీనికంటె లోతైనది. ఇప్పటి విమానములు వినుటయే కాక తిరిగి పలుకును కూడ: బ్యాటరీలో నెంత మిగిలినదో, ఎంత ఎత్తున నున్నదో, సంకేతమెంత బలముగా అందుచున్నదో తెలుపు సమాచారమును క్రిందికి పంపుచుండును. దానికి టెలిమెట్రీ యని పేరు. బూస్టరు చేతిలోని ట్రాన్స్‌మిటరు గొంతును పెంచును గాని విమానము గొంతును పెంచదు. కావున పూర్వదూరము దాటినంతనే మన యాజ్ఞ దానికి అందుచునే యుండును, దాని మాట మనకు అందుట మానును. కన్ను విషయమును ఇట్లే యున్నది. మీటరున్నర రెక్కలుగల విమానము ఒక కిలోమీటరు దూరమున మన కంటికి అయిదు కళల (ఆర్క్‌మినిట్ల) కోణము మాత్రమే చేయును. మానవనేత్రము విడదీసి చూడగల సూక్ష్మత దాదాపు ఒక కళ. అది యచ్చట నున్నదని తెలియును గాని, మనవైపు వచ్చుచున్నదో మనలను విడిచి పోవుచున్నదో, వెల్లకిలనున్నదో బోరగిలనున్నదో తెలియుట కష్టము. మంచి ట్రాన్స్‌మిటరు అంత దూరమునకు బూస్టరు లేకయే పోగలదు. అనగా క్రియ అప్పటికే జ్ఞానముయొక్క సరిహద్దును ముట్టియున్నది. బూస్టరు ఆ సరిహద్దును దాటించి, జ్ఞానమును వెనుక నిలిపి, క్రియను మాత్రమే ముందునకు త్రోయుచున్నది. జ్ఞానము, ఇచ్ఛ, కృతి యను క్రమమున మొదటిది తొలగినపిదప మిగిలినదానిని ప్రయత్నమనుటకును వీలులేదు. అది చీకటిలో చేయి చాపుట.

గీతయందు పదునెనిమిదవ యధ్యాయమున భగవంతుడు తామసకర్మను లక్షించుచు, దేనిని చూడక చేసిన కర్మ తామసమగునో చెప్పెను: వెనుక రాబోవు ఫలమును, కలుగబోవు నష్టమును, ఇతరులకగు హింసను, తన సామర్థ్యమును – వీనిని చూడక మోహమువలన ఆరంభింపబడినది. ఈ మాటలు యుద్ధభూమిలో చెప్పబడినవే యైనను, విమానపు మైదానమునకును సరిపోవుచున్నవి. అందు నాకు పెద్దగా తోచునది కడపటిది. తన సామర్థ్యమును చూడకపోవుట! హింసను తలపకపోవుట క్రూరత్వము కావచ్చును, నష్టమును తలపకపోవుట అజాగ్రత్త కావచ్చును. తన సామర్థ్యమును తలపకపోవుటయన్న తన్ను తానెఱుగకపోవుట. కిలోగ్రాముకు పైబడిన బరువుతో, తిరుగు పంకాతో, మండగల లిథియం బ్యాటరీతో పోవు వస్తువు తన చూపునకును వినికిడికిని అందని చోట ఎవరి పొలమున, ఎవరి కప్పుపై, ఎవరి తలపై వాలునో తెలియక కడ్డీ నొక్కువాడు కర్తనని చెప్పుకొనుటకు తగడు, ఐనను కర్తయే. ట్రాన్స్‌మిటరులు చేయువారికి ఈ సంగతి తెలియును. సంకేతము తెగినంతనే ఇంజను ఆగవలెననియో, విమానము తిరిగి రావలెననియో ముందే నిర్ణయించి యుంచుటకు ఫెయిల్‌సేఫ్ అను ఏర్పాటు చేసిరి. నీ యిచ్ఛ యొకచోట తెగును, దానికి ముందే సిద్ధపడుమని ఆ యేర్పాటు చెప్పుచున్నది.

అట్లైన దూరము పోవలెనను కోరికయే దోషమా? కాదు. అది దోషమని చెప్పువారు 1901లో ఇంగ్లండు తీరపు పోల్డూ నుండి న్యూఫౌండ్లాండునకు మార్కోని పంపిన సంకేతమును దోషమనవలెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గోడలను దాటి పోవు తరంగములను చూపిన జగదీశచంద్ర వసుగారిని దోషి యనవలెను. దూరమును కోరుట మానవస్వభావమున ఉత్తమాంశము. విచారింపవలసినది దూరము ఏ మార్గమున లభించుననుట. 1977లో భూమిని విడిచిన వాయేజరు-1 నౌక నేడు 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరమునుండి పలుకుచున్నది. దాని ప్రసారశక్తి దాదాపు 23 వాట్లు, మన యింటి చిన్న దీపముపాటిది. ఆ పలుకు వినబడుటకు కారణము దాని గొంతు గాదు. అది తన పళ్లెపు యాంటెన్నాను తప్పక భూమివైపే త్రిప్పియుంచుకొనుటయు, ఇచ్చట గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెరాలలో 70 మీటర్ల పళ్లెములు మిక్కిలి శ్రద్ధతో చెవియొగ్గి యుండుటయు కారణము. ఆటవిమానముల వారును ఇటీవల ఈ మార్గమునే కనుగొనిరి. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ వంటి పద్ధతులలో మాట నెమ్మదిగా, విస్తరించి, రణగొణధ్వనిలో మునిగినను ఏఱుకొనగలుగునట్లు పంపబడును. రిసీవరు సూక్ష్మశ్రవణము గలది. 100 మిల్లీవాట్లతోనే అనేక కిలోమీటర్లు సాగును. అఱచుట పెంచక వినుటను పెంచిన ఫలమిది.

ఇచ్చట జపవిధి నాకు స్ఫురించుచున్నది. మనుస్మృతిలో విధియజ్ఞముకంటె జపయజ్ఞము పదిరెట్లు మేలనియు, పెదవి కదలియు ప్రక్కవానికి వినబడని ఉపాంశుజపము నూఱురెట్లు మేలనియు, మానసజపము వేయిరెట్లు మేలనియు చెప్పబడినది. స్వరము తగ్గినకొలది ఫలము హెచ్చుట లోకదృష్టికి విపరీతముగా తోచును. కాని ఉచ్చారణమున వ్యయమైపోవు ఏకాగ్రత ఉపాంశువునందు లోనికి మళ్లును. వినువాడు సర్వత్ర ఉన్నాడను నమ్మకము గలవానికి స్వరము పెంచవలసిన పనియు లేదు. యంత్రమునకు భక్తి లేదని నేనెఱుగుదును. ఐనను శక్తివ్యయమునకును అందుబాటునకును నిత్యసంబంధము లేదను సత్యమును జపశాస్త్రమును రేడియోశాస్త్రమును వేఱువేఱు దారుల చేరుకొనుట నాకు ఆనందమును కలిగించుచున్నది.

ఒక ఆక్షేపము మిగిలియున్నది. విమానము ముక్కున కెమెరా నుంచి, కండ్లకు తెఱలు తగిలించుకొని, తానే విమానమున కూర్చుండినట్లు చూచుచు నడుపువారు నేడు పెక్కుమంది కలరు. వారికి దూరమున సహితము చూపు కలదు గదా, జ్ఞానము వెనుకబడినదని యెట్లనవచ్చునని అడుగవచ్చును. ఇది తీసివేయదగిన ఆక్షేపము కాదు. కెమెరా చూపు నిజమైన చూపే. ఐనను అది ముందునకు చూచును గాని ప్రక్కలకును వెనుకకును చూడదు. ఆ యాకాశముననే పోవు వేఱొక విమానమును గాని, పొలమున వంగి పనిచేయుచున్న మనిషిని గాని సకాలమున చూపునను హామీ లేదు. అట్టివారు మొదట చూపును, తిరుగుపలుకును, తోడుగా నిలిచి ఆకాశమును కనిపెట్టు మఱియొకని కన్నును సమకూర్చుకొని, ఆ తరువాత శాసనపు హద్దులోపల కొంత శక్తిని పెంచినచో నాకు అభ్యంతరము లేదు. తప్పిపోయినవారిని వెదకుట వంటి అక్కఱలందును అంతే. క్రమము తప్పరాదనుటయే నా మాట. వినోదమునకై మాత్రము, అంగడిలో దొరకినది గదా యని అయిదు వాట్ల పెట్టెను తగిలించుట తప్పు. అందఱును అట్లే చేసిరా, ప్రతివాని సంకేతమును పెరుగును, ప్రతివానికి అడ్డగు రొదయు అంతే పెరుగును. ఎవ్వని దూరమును పెరుగదు, అనుజ్ఞ లేకయే అందఱకును తెఱిచియుంచిన పట్టీ మాత్రము పాడగును.

రేడియోను శాస్త్రీయముగా నేర్చినవారిలో ఈ మర్యాద చిరకాలముగా నున్నది. అమెరికా అమెచ్యూరు రేడియో నియమములలో, కావలసిన సంభాషణకు చాలునంత కనిష్ఠశక్తినే వాడవలెనని స్పష్టముగా వ్రాసియున్నది; వేయి వాట్లు దాటి వాడుటకు అనుజ్ఞ గలవాడును పది వాట్లు చాలినచోట పదియే వాడవలెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ గారు అండమానులోని పోర్ట్ బ్లెయిరున తమ బృందముతో నుండిరి. మాటలు తెగిపోయిన ఆ దీవులనుండి వార్తలు వారి రేడియోద్వారా ప్రధానభూమికి అందినవి. విపత్కాలమున ఇట్టి యొక గొంతు వినబడుటకు, ఆ పౌనఃపున్యమునందలి ఇతరులెల్లరు మాటలు మాని దారి యిచ్చుట అమెచ్యూరులలో ఆచారము.

కావున ఈ వేడుకయందు ప్రవేశించిన చిన్నవారికి నా విన్నపమిది. దూరము కావలెనన్న ముందుగా యాంటెన్నాను చక్కగా నిలుపుడు. దాని కొనను విమానమువైపు గుఱిపెట్టకుడు, కొనవైపున ప్రసారము మిక్కిలి తక్కువ. రిసీవరు తీగలను లోహమునకును బ్యాటరీకిని ఎడముగా నుంచుడు. ఫెయిల్‌సేఫ్ సరిగా పనిచేయుచున్నదో లేదో ఎగురవేయుటకు ముందు నేలమీదనే పరీక్షింపుడు. అప్పటికిని అధికశక్తితో ప్రసారము చేయు విద్యయందు ఆసక్తి కలిగెనా, బూస్టరుకై వెచ్చింపనున్న ధనమును పుస్తకములకు వెచ్చించి, అమెచ్యూరు స్టేషను ఆపరేటరు పరీక్షకు చదువుడు. మన దేశమున పండ్రెండేండ్లు నిండినవారెవరైనను ఆ పరీక్షకు కూర్చుండవచ్చును.